కౌలాలంపూరు పొలిమేరలో సున్నపురాతి కొండ

మలయ్ భాషలో ‘బతు’ అనగా రాయి. కౌలాలంపూరు నగరానికి ఉత్తరంగా సుమారు 13 కిలోమీటర్ల దూరాన, గోంబాక్ జిల్లాలో, సుంగై బతు అనే చిన్న యేరు పారుతున్నది. సుంగై అనగా నది గనుక దానిని రాతియేరు అని మనము పిలుచుకొనవచ్చును. ఆ యేటి పేరే ప్రక్కనున్న కొండకు, కొండలోని గుహలకు, క్రింది ఊరికి, చివరకు అక్కడి రైలు స్టేషనుకు కూడా సంక్రమించినది. ఒక పనిమీద మలేషియాకు వెళ్ళిన మేము, పని ముగియగా మిగిలిన ఒక్క దినాన్ని ఈ కొండకు కేటాయించుకొన్నాము.

శ్రోతలలో ఈ ప్రదేశాన్ని చూచి వచ్చినవారు ఇప్పుడు చాలమందే ఉంటారు. వారు తెచ్చిన ఛాయాచిత్రాలలో బంగారు రంగు కుమారస్వామి, ఆయన ప్రక్కనుండి ఇంద్రధనుస్సువలె పైకి పోయే మెట్లు తప్పక కనిపిస్తాయి. 42.7 మీటర్ల ఎత్తుగల ఆ విగ్రహాన్ని ఆవిష్కరించినది 2006వ సంవత్సరం జనవరిలో. మెట్లకు ఆ రంగులు వేసినది 2018లో. చూచినవారి కన్నులు ఈ రెండింటివద్దనే నిలిచిపోవుట సహజమే. మా కన్నులును మొదట అక్కడనే నిలిచినవి. కాని మేము ఈనాడు చెప్పదలచినది వాని వెనుకనున్న కొండను గురించి.

రైలు దిగగానే కొండ ఎదుటికి వస్తుంది. 2010 నుంచి నగరం నడిబొడ్డునుండి విద్యుత్ రైలు కొండ పాదం వరకు పోతున్నది గనుక ఎడ్లబండ్ల కాలపు ప్రయాణాయాసం ఏమాత్రమూ లేదు. నేలమీదనుంచి ఒక్కసారిగా నిలువున లేచిన తెల్లని రాతిగోడలు, ఆ గోడల నెరియలలో వ్రేళ్ళు దిగవేసిన చెట్లు, శిఖరాన దట్టమైన అడవి. ఎత్తు మూడు వందల మీటర్లకు పైచిలుకు మాత్రమే. మన తిరుమల కొండలను ఎరిగినవారికి ఇది పెద్ద ఎత్తుగా తోచదు. అయినను చుట్టూ చదునైన నేల, కర్మాగారాలు, మేడలు, రహదారులు ఉండుటచేత, ఎవరో తెచ్చి అక్కడ పెట్టి మరచిపోయినట్లు కనిపిస్తుంది.

ఈ రాయి వయస్సు సుమారు నలుబది కోట్ల సంవత్సరాలు. అప్పుడిక్కడ సముద్రం. సముద్రజీవుల గుల్లలు అడుగున పేరుకొని, అణగి, గట్టిపడి సున్నపురాయి అయినది. తరువాత నేల పైకి లేచినది, సముద్రం తొలగినది. వానచినుకు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిపాటి ఆమ్లగుణం పొందుతుంది; ఆ నీరు నెరియలలో దిగి రాతిని కొంచెం కొంచెంగా కరగిస్తుంది. కరగిన సున్నమే మరొకచోట చుక్క చుక్కగా కారి, ఆరి, పైకప్పునుండి మఱ్ఱి ఊడలవలె వ్రేలాడుతుంది. మన బొఱ్ఱా గుహలను చూచినవారికి, 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలో నడచినవారికి ఈ పని ఎట్టిదో వేరుగా చెప్పవలసిన అవసరం లేదు. భేదమేమనగా, బెలుంలో మనము నేలలోనికి దిగుతాము. ఇక్కడ మెట్లెక్కి కొండ కడుపులోనికి పోతాము.

ఈ గుహలను ‘కనుగొన్న’ సంవత్సరం 1878 అని మార్గదర్శక గ్రంథాలలో వ్రాస్తారు. విలియం హోర్నడే అనే అమెరికను ప్రకృతి శాస్త్రజ్ఞుడు, సెలంగూరు పోలీసు అధికారి సైయర్సుతో కలిసి ఆ యేడు ఇక్కడికి వచ్చాడు. తన యాత్రా గ్రంథంలో గుహను వర్ణించి 1885లో ప్రకటించాడు. కనుగొనుట అనే మాటను మేము ఒప్పుకొనలేము. తెమువాన్ అనే అడవిజాతివారు అంతకు ఎన్నో తరాలకు పూర్వమే ఈ గుహల నీడన తలదాచుకొనేవారు. 1860 ప్రాంతంనుండి చీనా రైతులు లోపలి గబ్బిలాల పెంటను త్రవ్వి, తమ కూరగాయల మళ్ళకు ఎరువుగా మోసికొని పోతూనే ఉన్నారు. హోర్నడే వచ్చేనాటికి గుహ ఒకరికి ఇల్లు, మరొకరికి ఎరువు దిబ్బ. ఆయన చేసినదల్లా అచ్చువేయించుట.

కౌలాలంపూరు సైతం అప్పటికి పసికూనయే. 1857లో తగరపు ఖనిజాన్ని వెదకుతూ 87 మంది చీనా కూలీలు నదిమీదుగా పడవలలో వచ్చి, రెండు నదులు కలిసే చోట దిగి అడవిలోనికి నడచిపోయారు. చలిజ్వరం వారిలో పెక్కుమందిని ఒక్క నెలలో పొట్టన పెట్టుకొన్నది. మిగిలినవారు, తరువాత వచ్చినవారు నిలిపిన సంత పెరిగి, 1880లో సెలంగూరు రాజధాని అయినది. తగరం ఉన్నచోటికి మనుషులు వచ్చారు. మనుషులున్నచోటికి గుమాస్తాలు, వర్తకులు, దేవాలయాలు వచ్చినవి.

అట్టి గుమాస్తాలలో ఒకడు తంబుసామి పిళ్ళై. 1850లో సింగపూరులో పుట్టిన తమిళుడు. సర్కారు ఖజానాలో ఉద్యోగం చేసి, పిమ్మట తగరపు గనులలో, కాంట్రాక్టులలో ధనవంతుడయ్యాడు. నగరంలోని మహామారియమ్మన్ దేవాలయాన్ని 1873లో స్థాపించినదీ ఆయనే. కొండగుహ ముఖద్వారం ఆయన కంటికి వేలాయుధం మొనవలె, అనగా కుమారస్వామి శూలంవలె తోచినదట. 1890, 91 ప్రాంతాన గుహలో స్వామిని ప్రతిష్ఠించారు. 1892 నుంచి తైపూసం ఉత్సవం ఆరంభమైనది. తమిళుల తై మాసంలో పుష్యమీ నక్షత్రం నిండుచంద్రునితో కలిసే పర్వదినమది. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుని మార్గశిర షష్ఠినాడు కొలిచే మనవారికి తిథి భేదం ఉన్నను దేవుడు మాత్రం ఆయనే. ఆ పర్వానికి వెండిరథం మారియమ్మన్ గుడినుంచి బయలుదేరి రాత్రంతా నడచి కొండకు చేరుతుంది. కావడులు మోసేవారు, పాలకుండలు నెత్తిన పెట్టుకొన్నవారు, శరీరానికి శూలాలు గ్రుచ్చుకొన్నవారు, చూడవచ్చినవారు కలిసి లక్షలలో ఉంటారు. 1920లో కొయ్యమెట్లు వేసేవరకు భక్తులు రాళ్ళు పట్టుకొని ప్రాకేవారు. ఇప్పుడున్న 272 సిమెంటు మెట్లు 1940 నాటివి.

తంబుసామి కొండలో స్వామిని చూచిన ఆ రోజులలోనే మరొకడు అదే కొండలో పాములను, పురుగులను చూస్తున్నాడు. ఆయన పేరు హెన్రీ రిడ్లీ. 1888లో సింగపూరు ఉద్యానవనానికి అధిపతిగా వచ్చిన ఆంగ్లేయుడు. సెలంగూరు గుహలలోని ప్రాణులను శ్రద్ధతో పరిశీలించి వ్రాసిన తొలి శాస్త్రజ్ఞులలో ఒకడు. చీకటిలో గబ్బిలాలను పట్టి తినే పాలిన వన్నె పాము ఒకటి ఇక్కడ ఉన్నది. దాని శాస్త్రీయ నామంలో రిడ్లీ పేరు నేటికీ నిలిచి ఉన్నది.

అయితే రిడ్లీని లోకం ఎరిగినది పాములవలన కాదు, రబ్బరువలన. బ్రెజిల్ విత్తనాలనుండి మొలిచిన రబ్బరు మొక్కలు 1877లోనే సింగపూరు చేరినవి. వానిని నాటే తోటల యజమాని దొరకలేదు. చెట్టు చావకుండ బెరడును పలుచగా కోసి, మరల మరల పాలు తీసే పద్ధతిని రిడ్లీ కనిపెట్టాడు. కనిపించిన ప్రతి తోటదొర జేబులోను గింజలు కుక్కేవాడని ప్రతీతి. అందుచేత ఆయనకు ‘పిచ్చి రిడ్లీ’ అనే బిరుదు వచ్చినది. ఇరువదవ శతాబ్దం పుట్టి మోటారుబండ్లు తిరగజొచ్చిన తరువాత ఆ పిచ్చియే మలయాను ఏలినది. అడవులు నరికి రబ్బరు నాటారు. రబ్బరుకు కూలీలు కావలసి వచ్చారు. ఆ కూలీల కోసం చెన్నపట్నం రాజధానిలోని పల్లెలకు కంగాణీలు వచ్చారు. కంగాణీ అనగా తోటలో మేస్త్రీ. తన ఊరికి తానే తిరిగివచ్చి, తన బంధువులకు, కులంవారికి ఆశచూపి ఓడ ఎక్కించేవాడు. తమిళులే ఎక్కువ. విశాఖపట్నం, గోదావరి జిల్లాలనుండి తెలుగువారును వెళ్ళారు. రబ్బరు తోటలలో కొందరు, దిగువ పెరాక్‌లోని కొబ్బరితోటలలో కొందరు స్థిరపడ్డారు. 1938లో భారత ప్రభుత్వం ఇట్టి కూలీల వలసను నిషేధించేవరకు ఇది సాగినది. గుహలో తెల్లపామును వెదకిన మనిషి చేతిచలువ ఎక్కడో శృంగవరపు కోట ప్రాంతపు గుడిసెవరకు ప్రసరించుట మాకు వింతగా తోచినది. ఆయన నూరేండ్లు బ్రతికి 1956లో కన్నుమూశాడు.

మెట్ల క్రింద ఒక పెద్దాయన మాకు తటస్థపడ్డాడు. మేము పరస్పరం తెలుగులో మాట్లాడుకొనుట విని దగ్గరకు వచ్చి, “ఏ ఊరు బాబూ మనది?” అని అడిగాడు. ‘మనది’ అన్న మాటకు మేము ఒక్క క్షణం జవాబు చెప్పలేకపోయాము. ఆయన ఇండియా ఎన్నడూ చూడలేదు. తాత కంగాణీ వెంట వచ్చాడట. తండ్రి రబ్బరు తోటలో పాలు తీశాడు. తాను మాత్రం కుర్రతనంలో ఈ కొండలోనే రాతిక్వారీలో పనిచేశాడు.

“ఈ కొండలోనా, తాతగారూ? గుడి ఉండగానా?” అని అడిగాము.

“గుడి ఇటు, క్వారీ అటు,” అన్నాడు. “పేల్చే ముందు కూత వేసేవోరు. మేమందరం దూరంగా పారిపోయేవోళ్ళం. మా అమ్మ తైపూసానికి ఇటేపు పాలకుండ ఎత్తుకుంటే, ఆ మర్నాడు నేను అటేపు రాయి కొట్టేవోణ్ణి. ఏం చేత్తాం బాబూ, తోటలో కూలి కన్నా ఇక్కడ రెండు డబ్బులెక్కువ.”

ఆయన తప్పు చేసినట్లు చెప్పలేదు, గొప్ప చేసినట్లూ చెప్పలేదు. మేము ఆయన చేయి చూపిన వైపు నడచి చూశాము. అక్కడ కొండగోడ మిగిలిన చోట్లవలె మడతలు, ఊడలు లేక, కత్తితో కోసిన జున్నువలె నున్నగా ఉన్నది. దానిమీద చెట్లు ఇప్పుడిప్పుడే పట్టుకొంటున్నవి.

కౌలాలంపూరు కట్టుబడికి ఈ కొండ ఇచ్చినది తక్కువ కాదు. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళనుండి ఇక్కడి రాయి రోడ్ల క్రింద, రైలుపట్టాల క్రింద, ఇండ్ల గోడలలో చేరుతూ వచ్చినది. నగరం పెరిగినకొద్దీ ఆకలి పెరిగినది. డైనమైటు అదురుకు గుహల పైకప్పులకు ప్రమాదమని దేవాలయంవారు ఒకవైపు, ప్రకృతి సంరక్షకులు మరొకవైపు ఆందోళన చేశారు. 1980ల ఆరంభానికి క్వారీ ఆగినది. ఇంచుమించు ఆ సమయాననే, 1981లో, రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూరులో జరిగినవి. ఆ సభలకు వెళ్ళిన మన పండితులలో ఎందరు ఈ కొండ ఎక్కి ఉంటారో! పెద్దాయన ఆ సభల మాట విన్నాడుగాని వెళ్ళలేదట. “అప్పటికి పని పోయింది బాబూ, కొత్త పని వెతుక్కుంటున్నాను,” అన్నాడు. కొండను కాపాడిన చరిత్రలో ఈ వాక్యానికి కూడా చోటుండవలెనని మా అభిప్రాయం.

ఈ నేలమీద నెత్తురు కూడా ఒలికినది. 1942 జనవరి 11న జపానువారు కౌలాలంపూరును ఆక్రమించారు. వారిని ఎదిరించిన మలయా కమ్యూనిస్టు పార్టీ అగ్రనాయకులు, గెరిల్లా దళాధిపతులు ఆ యేడు సెప్టెంబరు 1న బతు గుహల చెంత రహస్యంగా సమావేశమగుటకు చేరారు. తెల్లవారకముందే జపాను సైన్యం చుట్టుముట్టినది. పలువురు అక్కడనే హతులయ్యారు. సమావేశానికి పిలిచిన ప్రధాన కార్యదర్శి లైటెక్ మాత్రం రాలేదు. అతడే శత్రువులకు సమాచారం అందించాడన్న సంగతి యుద్ధానంతరం బయటపడినది. 1947లో పార్టీ ధనంతో పారిపోయి, ఆ యేడే బ్యాంకాకులో ప్రాణం కోల్పోయాడు. యాత్రికులు తిరిగే ఆవరణలో ఆ సెప్టెంబరు ఉదయాన్ని గుర్తుచేసేది ఏదియు మా కంటబడలేదు.

ఎండ ఎక్కకముందే మేము మెట్లెక్కాము. కోతులు యాత్రికుల చేతులలోని కొబ్బరిచిప్పలను లాగికొనిపోతున్నవి. మా ధ్వనిముద్రణ యంత్రపు సంచిని ఒకటి రెండుసార్లు తడిమి చూచి, తినదగినది కాదని వదలివేసినది. పై గుహలో పైకప్పు సుమారు నూరు మీటర్ల ఎత్తున ఉన్నది. ఒకచోట కప్పు కూలి ఆకాశం కనిపిస్తున్నది. ఆ కన్నంనుంచి వెలుగుతోపాటు పావురాలు, చెట్ల ఆకులు క్రిందికి దిగుతున్నవి. గుడి చిన్నది, గుహ పెద్దది. క్రింద, రైలు స్టేషను చెంత, 15 మీటర్ల ఆంజనేయుడు కాపలా ఉన్న మరొక గుహలో రామాయణ కథను బొమ్మలుగా నిలిపారు. నిద్రపోతున్న కుంభకర్ణుని చూచి పిల్లలు ఆనందిస్తున్నారు. బొమ్మల రంగులు మాకు కొంచెం గాఢమనిపించినవి, కాని పిల్లలను అడిగితే వారట్లు చెప్పరు.

మేము నిజంగా చూడగోరినది చీకటి గుహ. మెట్లలో చాలభాగం ఎక్కిన తరువాత ఎడమప్రక్కకు దారి చీలుతుంది. లోపల రెండు కిలోమీటర్ల పొడవున మార్గాలున్నవి. ఆ చీకటిలో ఒక సాలెపురుగు ఉన్నది. 1923లో ఏబ్రహాం అనే శాస్త్రజ్ఞుడు దానికి ఈ కొండ పేరే పెట్టాడు. సాధారణంగా సాలెపురుగుల పొట్ట నున్నగా ఉంటుంది. దీని పొట్టమీద తేలు ఒంటికున్నట్లు బిళ్ళలు వరుసగా ఉంటవి. ఈ కుదురు జీవులు కోట్లాది సంవత్సరాలుగా పెద్దగా మారలేదు. మట్టితో, పట్టుతో గూడు కట్టి, తలుపు పెట్టి, గూటి బయటకు దారాలు పరచి, ఏ పురుగైన దారాన్ని తాకేవరకు తలుపు వెనుక కూర్చుంటుంది. ఇట్టి గుహను కాపాడుట కోసం కొన్నేండ్లు ప్రకృతి సంరక్షకులు చిన్నచిన్న జట్లుగా జనాన్ని లోపలికి తీసికొనిపోయి చూపేవారు. 2019లో దానిని మూసివేశారు. మేము వెళ్ళినప్పుడును కటకటాలకు తాళమే ఉన్నది. ఆ తలుపు సందునుంచి చల్లనిగాలి, గబ్బిలాల పెంట వాసన వచ్చినవి. హోర్నడే నాటి వాసన అదే అయి ఉండవలెను.

ఆ పెంటను చులకన చేయరాదు. 1970లలో స్టార్ట్, మార్షల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ గుహలలోని మకరందం త్రాగే గబ్బిలాల పెంటను సేకరించి, అందులోని పుప్పొడిని సూక్ష్మదర్శినిలో చూశారు. ఏ చెట్టు పూవు ఏ నెలలో ఆ గబ్బిలాలకు ఆహారమో దానివలన తేలినది. అందులో ద్యూరియన్ పుప్పొడి ఉన్నది. ద్యూరియన్ అనగా పనసవలె ముండ్లు, మామిడివలె అభిమానులు ఉన్న ఆ దేశపు ఫలరాజు. దాని వాసన భరించలేక హోటళ్ళలోనికి తేవద్దని బోర్డులు పెడతారు. ఆ చెట్టు రాత్రివేళ పూస్తుంది, పూత కొద్దిరోజులే ఉంటుంది. గబ్బిలం వచ్చి ముట్టనిదే కాయ కాయుట అరుదు. మరి పూతలేని కాలంలో గబ్బిలం ఏమి తిని బ్రతకవలెను? తీరంలోని మడ అడవుల చెట్లు ఏడాది పొడుగున పూస్తవి. కొండనుంచి ముప్పది కిలోమీటర్లకు పైగా ఎగిరి, ఆ పూల తేనె త్రాగి, తెల్లవారకముందే గుహకు తిరిగివచ్చే గబ్బిలాలు ఉన్నవి. రాయి పగులగొట్టినా, సముద్రతీరాన మడచెట్లు నరికినా, ఎక్కడో లోపలి పల్లెలో రైతు పండ్లబుట్ట తేలికపడుతుందని దీని అర్థం. ఆ రైతుకు ఈ కొండ పేరైనా తెలియకపోవచ్చును.

సున్నపురాతి కొండలు ద్వీపకల్ప మలేషియా వైశాల్యంలో నూటికి మూడవ వంతు శాతం కూడా లేవు. కాని ఆ కొద్ది చోటులో పన్నెండు వందలకు పైగా జాతుల మొక్కలను శాస్త్రజ్ఞులు లెక్కించారు. వానిలో కొన్ని మరే రాతిమీదను మొలవవు. బతు కొండ చుట్టూ మాత్రం ఇప్పుడు నగరం గట్టున నిలిచిన నీరువలె చుట్టుకొన్నది. మెట్లకు రంగులు వేసినప్పుడు పురావస్తు సంరక్షణ శాఖ అనుమతి తీసికొనలేదని వివాదం చెలరేగినది. రంగులు ఉండిపోయినవి. వానిని చూడవచ్చే జనం పెరిగారు. ఆ జనంలో కొందరైనా తల పైకెత్తి అడవిని చూస్తున్నారా అని మేము అరగంట గమనించాము. ఎక్కువమంది కోతులను చూశారు.

సాయంకాలం పెద్దాయన తిరిగి మా దగ్గరకు వచ్చి, “గబ్బిలాలు పోయే వేళయింది, ఉండండి బాబూ,” అన్నాడు. మేము యంత్రాన్ని సిద్ధం చేసి మెట్ల ప్రక్కన కూర్చున్నాము. చీకటి పడుతుండగా కొండముఖంనుంచి పొగవలె ఒక చార బయటికి వచ్చి, విడిపోయి, అడవిమీదుగా పడమరకు, సముద్రం వైపుకు సాగిపోయినది. పురుగులను పట్టే గబ్బిలాల కూతలు మనిషి చెవికి అందవు గనుక మాకు ఏమియు వినిపించలేదు. క్రింద రహదారిమీద బండ్ల రొద మాత్రం ఎడతెగకుండ వినిపించినది; గుడిగంట ఒకసారి మ్రోగినది.

తిరిగి వచ్చిన తరువాత స్టూడియోలో ఆ ముద్రణను వింటూ మా ఇంజనీరు, “బండ్ల చప్పుడు తగ్గించమంటారా?” అని అడిగాడు. ఉండనిమ్మన్నాము. ఆ చప్పుడులోనే ఒకచోట పెద్దాయన గొంతు వినిపిస్తుంది: “అదుగో, పోతన్నాయి.”